కాగితపు గోడల ఇళ్ళు: జపాను కథల్లో స్థలం చేసే పని

సభకు నమస్కారం.

జపాను సినిమాలు, జపాను నవలలు మనవాళ్ళను ఎందుకు ఇంతగా ఆకట్టుకుంటున్నాయో మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ ప్రశ్నకు చప్పున తోచే జవాబు ఒకటుంది. చెర్రీ పూలు, మంచు కప్పిన కొండలు, కిమోనోలు, ఎర్రటి తోరణ ద్వారాల గుళ్ళు, రాత్రివేళ దీపాలతో మెరిసిపోయే టోక్యో వీధులు. ఇవన్నీ అందమైనవే, కాదనను. అయితే చూడముచ్చటైన ప్రదేశాలు చాలా దేశాలకు ఉన్నాయి. ఆ దేశాల కథలన్నీ మన మనసులో ఇలా తిష్ఠ వేసుకోలేదు. కాబట్టి ఆకర్షణకు మూలం మరోచోట వెతకాలి. నా అభిప్రాయం ఇది: గొప్ప జపాను కథకులు స్థలాన్ని కథ వెనుక వేలాడే తెరగా వాడలేదు. పాత్రలు నోటితో చెప్పలేని దాన్ని, చెప్పకూడదనుకున్న దాన్ని, ఒక ఇంటికో ఒక ఋతువుకో ఒక రైలు ప్రయాణానికో అప్పగించారు. ఆ ఇంటినీ ఆ ఋతువునూ గమనించే బాధ్యత మనకు వదిలిపెట్టారు. ఆ బాధ్యతను అందుకున్న ప్రేక్షకుడు ఆ కథకు బయటివాడుగా మిగలడు.

మనలో చాలామందికి జపానుతో తొలి పరిచయం ‘రైలుబడి’ ద్వారా జరిగింది. టెట్సుకో కురొయానగి తన చిన్ననాటి బడిని గురించి రాసిన ‘తొత్తో-చాన్’ 1981లో జపానులో వెలువడింది. దాని తెలుగు అనువాదమే ‘రైలుబడి’. ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ దీన్ని విద్యావిధానానికి సంబంధించిన పుస్తకంగా చదివారు, అది సరైన పఠనమే. కానీ దాన్ని ఒక కథకురాలి పనితనంగా చూడండి. వాడకం మానేసిన రైలు పెట్టెలే ఆ బడిలో తరగతి గదులు. పెట్టెలో కూర్చున్న పిల్లకు కిటికీలోంచి చెట్లు కదులుతుంటే తాను ప్రయాణంలో ఉన్నట్టే అనిపిస్తుంది. బడి మీద ఆ పిల్లకున్న ప్రేమను వర్ణించే విశేషణాలు మనకు అవసరం కావు. రైలు పెట్టె ఒక్కటే ఆ పనంతా చేస్తుంది. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. పుస్తకంలో చాలా పుటల పాటు యుద్ధం పేరెత్తి చెప్పిన చోట్లు తక్కువ. స్టేషన్లో చిల్లర వేస్తే మిఠాయి ఇచ్చే యంత్రం ఖాళీగా ఉంటుంది, అయినా ఆ పిల్ల ఆశగా దాన్ని తడిమి చూస్తూనే ఉంటుంది. దేశానికి పట్టిన కరువు ఆ ఖాళీ యంత్రంలో కనబడుతుంది. చివరికి 1945 వైమానిక దాడుల్లో ఆ రైలు పెట్టెలు తగలబడిపోతాయి. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మంటలను చూస్తూ నిలబడి, ఈసారి ఎలాంటి బడి కడదామని పక్కనున్న కొడుకును అడుగుతాడు. ఆయన దుఃఖం గురించి రచయిత్రి ఉపన్యసించదు. తన తొలిరోజున ఆయన నాలుగు గంటల సేపు తన కబుర్లు విన్నాడని మొదట్లోనే చెప్పింది కనుక, తగలబడుతున్నదేమిటో మనకు తెలుసు.

ఇక ఇంటి విషయానికి వస్తాను. ఈ ప్రసంగంలో ఎక్కువ సేపు అక్కడే ఉంటాను.

సంప్రదాయ జపాను ఇల్లు చెక్క స్తంభాల మీద నిలుస్తుంది. నేల మీద గడ్డితో బిగువుగా అల్లిన మందపాటి తతామి చాపలు పరిచి ఉంటాయి. ఒక్కో చాప సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు, అంటే ఒక మనిషి పడుకునేంత. గది ఎంత పెద్దదో అందులో పట్టే చాపల లెక్కలోనే చెబుతారు. గదికీ గదికీ మధ్య ఇటుక గోడ ఉండదు. చెక్క చట్రానికి కాగితం అంటించిన జారుడు తలుపులు ఉంటాయి. తలుపు పక్కకు జరిపితే రెండు గదులు ఒకటవుతాయి. పగలు భోజనం చేసిన గదిలోనే రాత్రి పరుపులు పరుచుకుంటారు, తెల్లవారగానే మడిచి బీరువాలో పెడతారు. ఇంటి అంచున తోటవైపు తెరుచుకునే చెక్క వసారా ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో రహస్యం దాచడం ఎంత కష్టమో ఆలోచించండి. పక్క గదిలో వేసిన నిట్టూర్పు ఈ గదిలో వినిపిస్తుంది. అలాంటి చోట కలిసి బ్రతకాలంటే వినబడినదాన్ని విననట్టు ఉండటం నేర్చుకోవాలి, అనగలిగిన మాటను అనకుండా ఉండటమూ నేర్చుకోవాలి. జపాను కథల్లో కనబడే సంయమనాన్ని చాలామంది ఏదో జాతి స్వభావంగానో, మత ప్రభావంగానో వివరిస్తారు. ఆ వివరణలు నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. కాగితపు తలుపుల మధ్య మూడు తరాలవాళ్ళు కలిసి ఉండవలసి వచ్చినప్పుడు మౌనం ఒక గృహధర్మం అవుతుందన్నది నాకు ఎక్కువ నమ్మకం కలిగించే వివరణ. కథకులు ఆ ఇంటినే తమ కథన పద్ధతిగా మార్చుకున్నారు.

యసుజిరో ఒజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ దీనికి అత్యుత్తమ నిదర్శనం. కథ ఐదు వాక్యాల్లో చెప్పవచ్చు. సముద్రతీరాన ఉన్న ఒనొమిచి అనే చిన్న రేవు పట్టణం నుంచి వృద్ధ దంపతులు టోక్యోలో ఉన్న పిల్లలను చూడటానికి వెళతారు. పిల్లలకు తీరిక ఉండదు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య నొరికో ఒక్కతే వాళ్ళను ఆదరిస్తుంది. తిరుగు ప్రయాణంలో తల్లికి జబ్బు చేస్తుంది. ఇంటికి చేరాక ఆమె మరణిస్తుంది. ముసలి తల్లిదండ్రులూ తీరిక లేని సంతానమూ అనే ఈ ఇతివృత్తం తెలుగు సినిమాకు కొత్తది కాదు. మన తెర మీద దీన్ని ఎన్నోసార్లు చూశాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం. అయితే మన సినిమాల్లో కోడలు గయ్యాళి అవుతుంది, కొడుకు చేతకానివాడవుతాడు, చివర ఒక పెద్ద సన్నివేశంలో తండ్రి అందరినీ నిలదీస్తాడు. ఒజు చిత్రంలో ఎవరూ ఎవరినీ నిలదీయరు. పెద్ద కొడుకు పిల్లల వైద్యుడు. ఆదివారం తల్లిదండ్రులను ఊరు చూపించడానికి బయలుదేరబోతుంటే ఒక రోగి ఇంటి నుంచి కబురు వస్తుంది, ప్రయాణం ఆగిపోతుంది. పెద్ద కూతురు షిగె బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఎవరు వీళ్ళని ఖాతాదారు అడిగితే పల్లెటూరి నుంచి వచ్చిన పరిచయస్థులని అనేస్తుంది. దుర్మార్గం అనదగినంత పెద్ద తప్పు ఎవరూ చేయలేదు. ఇరుకు ఇళ్ళు, రోజువారీ పనులు, నగరపు దూరాలు కలిసి ఆ ముసలివాళ్ళను మెల్లగా పక్కకు నెడుతుంటాయి.

ఒజు కెమెరాను ఎక్కడ పెట్టాడో గమనించండి. తతామి మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకన్నా కూడా కిందగా పెట్టి, దాదాపు కదపకుండా ఉంచుతాడు. నేల మీద పీట వేసుకుని కూర్చున్న అలవాటు ఉన్న మన పాత తరంవారికి ఆ చూపు కొత్తగా అనిపించదు. ఆ ఎత్తు నుంచి చూసినప్పుడు తలుపు చట్రాలు ఒకదాని వెనుక ఒకటిగా కనబడతాయి, మనుషులు ఒక చట్రంలోంచి వచ్చి మరో చట్రంలోకి వెళ్ళిపోతారు, వాళ్ళు వెళ్ళిన తరువాత కూడా ఖాళీ గది కొన్ని క్షణాలు తెర మీద నిలుస్తుంది. ఆ క్షణాలను కత్తిరించి ఉంటే సినిమా నిడివి తగ్గేది, మనకు ఆలోచించుకునే చోటు కూడా అంత మేరకు తగ్గేది.

ఆ చిత్రంలో స్థలమే తీర్పు చెప్పే ఘట్టం ఒకటుంది. వైద్యుడైన కొడుకు ఇంట్లోనూ కూతురి ఇంట్లోనూ గదులున్నాయి, కానీ తల్లిదండ్రులు ఎక్కడ ఉండాలన్నది సమస్య అవుతూనే ఉంటుంది. నొరికో ఉండేది ఒకే ఒక గదిలో. అత్తమామలు వస్తే మామగారికి పోయడానికి ఆమె ఇంట్లో సాకే, అంటే బియ్యపు మద్యం, లేదు. పక్కింటికి వెళ్ళి సాకేనూ దాన్ని పోసుకునే పాత్రలనూ అడిగి తెచ్చుకుంటుంది. తరువాత ఒక రాత్రి అత్తగారు ఆ గదిలోనే, చనిపోయిన కొడుకు పరుపు మీద పడుకుంటుంది. ఆ పరుపు మీద పడుకోగలిగినందుకు తనకు ఎంత సంతోషంగా ఉందో అంటుంది. కోడలి మంచితనం గురించి చిత్రంలో ఎన్ని మాటలు ఉన్నా, పక్కింటి నుంచి అరువు తెచ్చిన ఆ సాకే పాత్ర చెప్పినంత స్పష్టంగా ఏదీ చెప్పదు.

ఒజు వదిలేసిన వాటిని కూడా చూడాలి. ఒనొమిచి నుంచి టోక్యోకు ప్రయాణం అప్పట్లో చాలా దూరపు రైలు ప్రయాణం. ప్రారంభంలో భార్యాభర్తలు సామాను సర్దుకుంటూ గాలి దిండు ఎక్కడుందని ఒకరినొకరు అడుగుతారు. అతడు ఆమె దగ్గరుందంటాడు, ఆమె మీకే ఇచ్చానంటుంది, చివరికి అది అతడి దగ్గరే దొరుకుతుంది. తరువాతి దృశ్యంలో టోక్యో పొగ గొట్టాలు. ప్రయాణం లేనే లేదు. తిరుగు ప్రయాణంలో తల్లికి సుస్తీ చేసిన సంగతి కూడా ఒసాకాలో ఉన్న చిన్న కొడుకు మాటల్లో తెలుస్తుందే తప్ప మనం రైలులో ఆమె పక్కన కూర్చోము. ఒక సగటు స్క్రీన్‌ప్లే రచయిత ఏ సన్నివేశాన్ని పట్టుకుని కన్నీళ్ళు రాబట్టేవాడో, సరిగ్గా దాన్నే ఒజు, ఆయన సహ రచయిత కోగో నోదా తీసేశారు. గాలి దిండు కోసం జరిగిన ఆ చిన్న మాటల తగవును మాత్రం ఉంచారు. దశాబ్దాల కాపురం ఎలాంటిదో ఆ తగవులో ఉంది కాబట్టి ఉంచారు.

తల్లి మరణించిన ఉదయం తండ్రి ఇంట్లో కనిపించడు. నొరికో వెతుక్కుంటూ వెళితే గుడి దగ్గర, సముద్రం కనబడే చోట ఒంటరిగా నిలబడి ఉంటాడు. సూర్యోదయం ఎంత బాగుందో అంటాడు, ఈ రోజు కూడా ఎండ మండిపోయేట్టుంది అంటాడు. ఆయన అన్నది అంతే. ఆ పాత్ర పోషించిన చిషూ ర్యూకు అప్పటికి యాభై ఏళ్ళు కూడా నిండలేదన్న సంగతి తెలిసి చూసినా, ఆ మాట దగ్గర గొంతు పట్టేస్తుంది. ఇక్కడ ఋతువు ప్రవేశించింది. సినిమా అంతా వేసవిలో జరుగుతుంది, అందరి చేతుల్లోనూ విసనకర్రలు ఆడుతుంటాయి. ఎండాకాలం మనకు వేరే చెప్పాలా? ఉక్కపోతలో మనుషులకు ఓపిక ఎంత సన్నగిల్లుతుందో, మాట ఎలా పొడిబారుతుందో కోస్తాలో ఉన్నవారికీ తెలుసు, రాయలసీమలో ఉన్నవారికీ తెలుసు. ఎండ గురించిన ఆ వాక్యం వాతావరణ సూచన కాదని, భార్య లేకుండా గడపవలసిన తొలి రోజు గురించి ఒక వృద్ధుడు అనగలిగిన ఏకైక వాక్యమని ఎవరూ విప్పి చెప్పనవసరం లేదు.

ఋతువుకు జపాను సాహిత్యంలో ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? హైకూ సంప్రదాయంలో ప్రతి పద్యంలోనూ ఒక ఋతు సూచక పదం ఉండాలన్నది నియమం. ఏ పదం ఏ ఋతువుదో చెప్పే నిఘంటువులు తరతరాలుగా ఉన్నాయి. కప్ప వసంతానికి చెందుతుంది. హైకూ కవి బషో పద్యంలో పాత కొలనులోకి దూకిన కప్ప వల్ల మనకు నీటి చప్పుడుతో పాటు చలికాలం వెళ్ళిపోయిందన్న కబురు కూడా అందుతుంది. ఒక్క పదంతో కాలమూ గాలీ మనఃస్థితీ తెచ్చిపెట్టడం నేర్చుకున్న జాతి సినిమా తీసినప్పుడు ఒక విసనకర్రతోనో ఒక కీచురాయి రొదతోనో ఆ పనే చేసింది. మన ఇస్మాయిల్ గారు తెలుగులో హైకూలు రాసి ఈ రూపం పట్ల గొప్ప ఆసక్తి కలిగించారు. ఆయన తరువాత తెలుగులో వందల కొద్దీ హైకూలు వచ్చాయి. మూడు పాదాల పొదుపును మనవాళ్ళు బాగా పట్టుకున్నారు గానీ ఋతు సంకేతాన్ని చాలావరకు వదిలేశారని నాకు విచారంగా ఉంటుంది. మామిడి పూత, తాటి ముంజలు, ముసురు, రేగిపళ్ళు, గొబ్బెమ్మలు: ఏ ఒక్కటి పలికినా మనకు ఒక నెల మొత్తం కళ్ళ ముందుకు వస్తుంది. అలాంటి మాటలకు తెలుగులో ఒక నిఘంటువు ఎవరైనా కూర్చితే మన కవులకు గొప్ప సాయం చేసినవారవుతారు.

రైలు సంగతి చెప్పి కథా నిర్మాణంలోకి వస్తాను. యసునారి కవబాత ‘హిమసీమ’ 1935 నుంచి విడి భాగాలుగా పత్రికల్లో వచ్చింది. ఆయన దాన్ని దిద్దుతూ, పెంచుతూ 1948 దాకా పూర్తి రూపానికి తేలేదు. 1968లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు ప్రస్తావనకు వచ్చిన రచనల్లో అదొకటి. నవల మొదటి వాక్యంలో రైలు పొడవైన సొరంగం దాటి మంచు దేశంలోకి వస్తుంది. ఆ సొరంగం కల్పితం కాదు. సుమారు 9.7 కిలోమీటర్ల పొడవున్న షిమిజు సొరంగం 1931లో ప్రారంభమైంది. పర్వత శ్రేణికి ఒకవైపు టోక్యో మైదానం, శీతకాలంలో పొడిగా ఎండ కాస్తుంటుంది. మరోవైపు నీగతా ప్రాంతం. సైబీరియా నుంచి వచ్చే చలిగాలులు జపాను సముద్రం మీద తేమ తాగి కొండలను ఢీకొనడంతో అక్కడ మనిషి ఎత్తుకు మించి మంచు పడుతుంది. కాబట్టి కొన్ని నిమిషాల చీకటిలో నిజంగానే ఒక వాతావరణం నుంచి మరో వాతావరణంలోకి వెళ్ళిపోవచ్చు. టోక్యోలో భార్యాపిల్లలున్న ఒక ధనికుడు ఆ సొరంగం దాటగానే తన బాధ్యతల నుంచి తప్పించుకున్నానని అనుకుంటాడు. రచయిత ఆ మాట రాయలేదు, భూగోళం చేత రాయించాడు.

ఆ వెంటనే వచ్చే దృశ్యం నాకు ప్రపంచ సాహిత్యంలోనే అరుదైనదిగా తోస్తుంది. సంధ్యవేళ, పెట్టెలో దీపం వెలిగింది, బయట చీకటి పడుతోంది. కిటికీ అద్దం మీద ఎదుటి వరసలోని అమ్మాయి ముఖం ప్రతిబింబిస్తుంది, ఆ ముఖం గుండా బయటి కొండలు జారిపోతుంటాయి, దూరంగా కొండ మీది దీపం ఒకటి సరిగ్గా ఆమె కంటిపాప స్థానంలోకి వచ్చి మెరుస్తుంది. మనిషీ ప్రదేశమూ ఒకే గాజు పలక మీద కలిసిపోయాయి. ఆ ధనికుడు స్త్రీలను ఎప్పుడూ ఇలాగే చూస్తాడని, అద్దంలో చూస్తాడే గాని ఎదురుగా చూడడని నవల ముగిసేనాటికి మనకు అర్థమవుతుంది. ఆ మంచు ఊళ్ళో అతడి కోసం ఎదురుచూసే కొమాకో అనే గెయిషా (ఆటపాటలతో అతిథులను అలరించే వృత్తి స్త్రీ) ఆరబోసిన ప్రేమంతా అతడికి ఒక దృశ్యం మాత్రమే. అందంగా ఉన్న ప్రతి వర్ణనా అతడి మీద ఒక అభియోగం. ఈ నవలను మంచు వర్ణనల కోసం చదివి మురిసిపోయేవారు దాని కాఠిన్యాన్ని చూడకుండా దాటిపోతున్నారు.

కథా నిర్మాణం గురించి మాట్లాడేటప్పుడు నాలుగు అంచెల పద్ధతి ప్రస్తావన తప్పక వస్తుంది. చైనా పద్య సంప్రదాయం నుంచి జపానుకు వచ్చిన ఈ పద్ధతిలో మొదటి పాదం విషయాన్ని ఎత్తుకుంటుంది, రెండవది దాన్ని కొనసాగిస్తుంది, మూడవది సంబంధం లేనట్టున్న మరో విషయానికి మలుపు తిరుగుతుంది, నాలుగవది రెండింటినీ కలుపుతుంది. దీన్ని నేర్పడానికి జపాను ఉపాధ్యాయులు వాడే ఒక చిన్న పద్యం ఉంది. రై సాన్యో అనే పండితుడిదని చెబుతారు, పాఠాంతరాలు కూడా ఉన్నాయి. భావం ఇది: ఫలానా వీధిలో దారాల అంగడివాడికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి పదహారు, చిన్నదానికి పద్నాలుగు. దేశదేశాల సామంత ప్రభువులు విల్లంబులతో చంపుతారు. దారాల అంగడివాడి కూతుళ్ళు కళ్ళతో చంపుతారు. మన చాటు పద్యాల రుచి తెలిసినవారికి ఇది వెంటనే నచ్చుతుంది. ఇందులో ఘర్షణ లేదు. నాయకుడు, ప్రతినాయకుడు, వాళ్ళ మధ్య పోరాటం లేవు. మూడో పాదంలో ప్రభువులు ఎందుకొచ్చారా అని మనం తికమకపడతాం, నాలుగో పాదంలో మన తికమకే ఆనందంగా మారుతుంది. జపాను కథలన్నీ ఈ మూసలోనే ఉంటాయని చెప్పడం అతిశయోక్తి. కురొసావా ‘సెవెన్ సమురాయ్’ తీసింది కూడా ఆ దేశంలోనే, అందులో ఉన్నంత ఘర్షణ ప్రపంచ సినిమాలో తక్కువ చోట్ల కనబడుతుంది. కానీ పోరాటం లేకుండా కథ నడపవచ్చునన్న ధైర్యం ఈ పద్ధతిలో ఉంది. ఇంటర్వెల్ దగ్గర ఒక పెద్ద కుదుపు ఉండాలని, పతాక సన్నివేశంలో శత్రువు ఓడాలని అలవాటు పడ్డ మన ప్రేక్షకులకు అది పెద్ద విముక్తి.

హయావో మియజాకి 1988లో తీసిన యానిమేషన్ చిత్రం ‘తొతొరో’లో శత్రువు అనేవాడు లేడు. టోక్యో శివార్లలోని సయామా కొండల ప్రాంతాన్ని మనసులో పెట్టుకుని, 1950ల నాటి పల్లెను గీశాడు. తల్లి ఆసుపత్రిలో ఉంది. ఇద్దరు ఆడపిల్లలు తండ్రితో కలిసి పాత ఇంట్లోకి మారారు. తల్లి జబ్బేమిటో చిత్రం చెప్పదు. మియజాకి బాల్యంలో ఆయన తల్లి ఏళ్ళ తరబడి వెన్నెముక క్షయతో బాధపడిందన్న సంగతి తెలిస్తే ఆ మౌనం మరికొంత బరువెక్కుతుంది. వానలో బస్సు స్టాపు దగ్గర పిల్లలు తండ్రి కోసం ఎదురుచూసే దృశ్యం చాలామందికి గుర్తుంటుంది. చీకటి పడుతుంది, చిన్నది అక్క వీపు మీద నిద్రపోతుంది, వచ్చిన బస్సులో నాన్న లేడు. అడవి దేవత లాంటి ఆ పెద్ద జీవి పక్కన వచ్చి నిలబడటానికి ముందు ఇంతసేపు ఎదురుచూపు ఉంది. భయం, చలి, అక్కగా బాధ్యత మోయవలసి వచ్చిన పిల్ల అలసట, ఇవన్నీ వాన చప్పుడులో ఉన్నాయి. ఈ ఎదురుచూపును కుదించి ఉంటే తొతొరో ఒక బొమ్మగా మిగిలేవాడు. ఇంకో సంగతి: ఈ సినిమా విడుదలైన రోజునే, 1988 ఏప్రిల్ 16న, దీనితో జతగా ఇసావో తకహతా తీసిన ‘మిణుగురుల సమాధి’ విడుదలైంది. అందులోనూ ఇద్దరు పిల్లలే, అన్నా చెల్లెలు. అది 1945 నాటి కోబె నగరం, బాంబు దాడులు, ఆకలి, చావు. ఆ రెండూ ఒకే ఆటలో చూసిన ప్రేక్షకులు ఏ స్థితిలో ఇళ్ళకు వెళ్ళారో ఊహించడం కూడా కష్టం.

నిశ్శబ్దం అంటే సౌమ్యత అని చాలామంది పొరబడతారు. దాన్ని సరిదిద్దే చిత్రం హిరొకజు కొరెయెద 2008లో తీసిన ‘స్టిల్ వాకింగ్’. తన తల్లి మరణం తరువాత ఆయన తీసిన సినిమా ఇది. పెద్ద కొడుకు ఎన్నో ఏళ్ళ క్రితం సముద్రంలో మునిగిపోతున్న ఒక పిల్లవాణ్ణి కాపాడబోయి తాను చనిపోయాడు. ఏటా ఆ రోజున కుటుంబమంతా కన్నవారింట్లో కలుస్తుంది. సినిమా వంటింట్లో మొదలవుతుంది: ముల్లంగి చెక్కు తీయడం, మొక్కజొన్న గింజలు ఒలవడం, వాటిని పిండిలో కలిపి నూనెలో వేయించడం. గింజలు నూనెలో చిటపటలాడే చప్పుడుకు పిల్లలు పరుగెత్తుకు వస్తారు. తద్దినం నాడు బంధువులతో నిండిన మన ఇళ్ళలోని సందడే అది, ఒక్క పూట లోపల ప్రేమలూ ఎత్తిపొడుపులూ కలగలిసి నడుస్తాయి. ఆనాడు కాపాడబడిన పిల్లవాడు ఇప్పుడు లావుపాటి యువకుడయ్యాడు, జీవితంలో నిలదొక్కుకోలేకపోతున్నాడు, ప్రతి ఏడూ పిలిస్తే వచ్చి తలవంచుకుని కూర్చుని చెమటలు కక్కుతూ క్షమాపణలు చెప్పుకుని వెళతాడు. రాత్రి చిన్న కొడుకు తల్లితో అంటాడు, పాపం అతణ్ణి ఇక పిలవడం మానేద్దామని. తల్లి చేతిలో అల్లిక ఆపకుండా జవాబు చెబుతుంది: అందుకే పిలుస్తున్నాను, ఏడాదికి ఒక్కసారైనా వాడూ బాధపడాలి.

ఆ మాట వినగానే, ఉదయం నుంచి మనం చూసిన వంటిల్లంతా రంగు మారిపోతుంది. అంత ప్రేమగా వడ్డించిన ఆ చేతులే ఇంత పగను ఏళ్ళ తరబడి దాచుకున్నాయి. కొరెయెద ఆమెను రాక్షసిగా చూపించలేదు, క్షమించమనీ అడగలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ద్వేషించడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, అంతే. ఇంత నిజం చెప్పడానికి ఆయనకు కావలసింది ఒక ఇల్లు, ఒక పగలూ రాత్రీ, కొన్ని వంటకాలు.

జపాను మీద మోజు పెరిగేకొద్దీ ఒక ప్రమాదం కూడా పెరుగుతుంది కనుక దాని గురించి కొంచెం చెప్పాలి. 1951లో వెనిస్ చిత్రోత్సవంలో కురొసావా ‘రాషోమాన్’కు అగ్ర బహుమతి వచ్చింది. ఆ చిత్రాన్ని ఎంపిక చేసి పంపించమన్నది టోక్యోలో ఉన్న జూలియానా స్త్రామిజోలీ అనే ఇటలీ మహిళ. నిర్మాణ సంస్థకు దాని మీద నమ్మకం లేదు. బహుమతి వచ్చాక కూడా పాశ్చాత్యులకు విచిత్రంగా కనబడినందువల్లే వచ్చిందని జపాను విమర్శకులు కొందరు తీసిపారేశారని కురొసావా తన ఆత్మకథలో బాధపడ్డాడు. ఆ విమర్శ ఆ సినిమా విషయంలో అన్యాయమే. కానీ విచిత్రత కోసం చూసే చూపు అంటూ ఒకటి ఉందని గుర్తు చేసినందుకు ఆ విమర్శకు విలువ ఉంది. ఒజు తన సినిమాల్లో పూల తోటలకన్నా ఫ్యాక్టరీ పొగ గొట్టాలను, ఆరేసిన బట్టలను, బార్ల నియాన్ బోర్డులను ఎక్కువగా చూపించాడు. జునిచిరో తనిజాకి ‘మకియోకా సోదరీమణులు’లో క్యోటో చెర్రీ పూలను చూడటానికి అక్కచెల్లెళ్ళు ఏటా వెళ్ళే ఘట్టాలు ఎంతో శోభగా ఉంటాయి. యుద్ధ సమయంలో ఇంత విలాసం తగదని సైనికాధికారుల ఒత్తిడితో 1943లో ఆ నవల ధారావాహిక ప్రచురణ ఆగిపోయింది. అంతటి పూల నవల ఎలా ముగుస్తుందో తెలుసా? ఎన్నో సంబంధాలు తప్పిపోయాక చివరికి పెళ్ళి కుదిరిన, నలుగురు అక్కచెల్లెళ్ళలో మూడోది టోక్యో రైలెక్కుతుంది, ఆమెకు పట్టుకున్న విరేచనాలు రైల్లో కూడా తగ్గవు. అక్కడ నవల ఆగిపోతుంది. పూలతో ముగించడం తనిజాకికి చేతకాక కాదు. ఇష్టం లేని పెళ్ళి గురించి ఆ పిల్ల నోరు తెరవలేదు, ఆమె దేహం చెప్పింది.

ఇప్పుడు మన వైపు చూస్తే అవకాశాలు పెరిగాయి. జపాను, భారతీయ కళాకారులు కలిసి 1990ల ఆరంభంలో రూపొందించిన రామాయణ యానిమేషన్ చిత్రం 2025 జనవరిలో తెలుగు డబ్బింగుతో సహా మన థియేటర్లలో విడుదలైంది. యానిమే, అంటే జపాను యానిమేషన్, చూసే యువతరం ఎంత పెద్దదో ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ను జపాను ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు కాబట్టి రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. ఈ యువతరం యానిమేతో ఆగిపోకుండా దాని వెనుక ఉన్న ఒజును, కవబాతను, కొరెయెదను కూడా అందుకోవాలని నేను నిజంగా కోరుకుంటున్నాను. ‘తొతొరో’ బస్సు స్టాపు దగ్గర ఎదురుచూడటం నేర్చుకున్నవారికి ‘టోక్యో స్టోరీ’ నిదానం అడ్డు కాదు.

రేపు సాయంత్రం ఇదే హాల్లో ‘టోక్యో స్టోరీ’ ప్రదర్శిస్తున్నారు, నిడివి 2 గంటల 16 నిమిషాలు. తరువాత జరిగే చర్చ కోసం మీకు ఒక ప్రశ్న ఇచ్చి సెలవు తీసుకుంటాను. పెద్ద కూతురు షిగె చెడ్డదా? తల్లికి జబ్బుగా ఉందని తెలిసి ఊరికి బయలుదేరుతూ, సంతాప వస్త్రాలు కూడా సర్దుకుందామని అన్నది ఆమే. అంత్యక్రియల భోజనం దగ్గరే తల్లి బట్టల్లో ఫలానాది తనకు కావాలని అడిగిందీ ఆమే. వీటిని బట్టి ఆమెను తప్పుపట్టడం తేలిక. అయితే తల్లి ఇక దక్కదని తెలిసిన క్షణంలో అందరికన్నా ముందు భోరుమని ఏడ్చింది కూడా షిగెనే. మరునాటికి కళ్ళు తుడుచుకుని అణాపైసల లెక్కల్లో పడింది. నా మట్టుకు నేను ఆమెను చెడ్డది అనలేను. సొంత దుకాణం నిలబెట్టుకోవడానికి ఏళ్ళ తరబడి గీసిగీసి బతికిన మనిషికి అబ్బిన కరుకుతనం అది, ఆ ఏడుపు కూడా అబద్ధం కాదు. ఒప్పుకోనివారు ఇక్కడ చాలామందే ఉంటారని తెలుసు, మీ వాదన రేపు వింటాను.